ఎవరూ తాకని చోట

రాత్రి పదకొండు. వంటింటి బల్ల మీద
రేపటి పాఠానికి గొర్రెను కత్తిరిస్తున్నాను.
కత్తెరతో కాదు, మౌస్‌తో,
చెవుల చుట్టూ కాస్త నిదానంగా.
ముందే కొండకి తాళం వేశాను.
లేకపోతే పోయినసారిలాగే
మాబ్లి గొర్రెను పట్టుకోబోయి
కొండనే ఈడ్చుకెళ్ళి ఏట్లో పడేస్తుంది.
పందొమ్మిది మంది పగలబడి నవ్వారంటే
ఆ పూటకి పాఠం చెప్పినట్టే.

మాది వేల్స్‌లో పలకరాతి ఊరు.
మా తాతలు గనుల్లో చీల్చిన పలకల మీద
ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దారట.
ఇప్పుడు మా బడి గోడకే ఒక తెల్ల పలక,
ప్లాస్టిక్‌ది, పాతది, ఓ మూల కాస్త ఉబ్బింది.
బలపం అక్కర్లేదు, వేలు చాలు.
కిటికీ అవతల వాన మాత్రం
తాతల నాటిదే.

మొదటి ఏడాది నాకేం తెలుసు,
చంద్రుణ్ణీ గబ్బిలాన్నీ పైన పెట్టాను.
గెథిన్ మునివేళ్ళ మీద లేచి, ఎగిరి, చివరికి
చంద్రుడికి ఒక చెంపదెబ్బ కొట్టి వెళ్ళి కూర్చున్నాడు.
ఆ రోజే తేలింది,
తెర కింది సగమే పిల్లలది,
పై సగం తనిఖీకి వచ్చేవాళ్ళది.

స్టెఫాన్ చెయ్యి వణుకుతుంది.
వాడికోసం గుడ్లగూబ తొర్రను
కంటికి కనబడకుండా పెద్దది చేశాను,
జానెడు అవతల వదిలినా
పిట్ట తనంతట తనే లోపలికి జారుకుంటుంది.
"అది మోసం కాదూ?" అంది పక్క తరగతి హెవిన్.
గడప వెడల్పు చేస్తే
మోసం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

తప్పు చోట పెడితే "టక్" అని
బొమ్మ వెనక్కి పోయేది, ఒకప్పుడు.
ఎలెరి వానను తీసుకెళ్ళి ఇంట్లో పెట్టింది.
టక్.
మళ్ళీ పెట్టింది. టక్.
మూడోసారి నా వైపు తిరిగి,
"మా ఇంట్లో పడుతుంది మిస్, బకెట్ కూడా ఉంది" అంది.
ఆ సాయంత్రం ఆ శబ్దం పీకేశాను.
బకెట్ బొమ్మ ఒకటి గీశాను,
బాగా రాలేదు.

ఇక నిన్నటి సంగతి.
మాబ్లి, గెథిన్ ఒకే గొర్రె మీద
ఒకేసారి వేళ్ళు పెట్టారు. నాదంటే నాదని
చెరోవైపు లాగారు.
మా ముసలి పలకకి రెండో వేలు సంగతి తెలీదు.
ఇటొకటి అటొకటి నొక్కితే
రెంటికీ నడిమధ్య ఒకటే అనుకుంటుంది.
గొర్రె ఒక్క దూకు దూకి
ఎవరూ తాకని చోట నిలబడింది.

తరగతంతా కిక్కురుమనలేదు.
తర్వాత మాబ్లి ఒక్క అంగుళం కుడికి జరిగింది.
గొర్రె అర అంగుళం జరిగింది.
గెథిన్ కిందికి దించాడు. గొర్రె కొంచెం దిగింది.
ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ,
మాటల్లేకుండా, మందను తోలే రెండు కుక్కల్లా,
మధ్యలో ఉన్నదాన్ని కంచె దాటించారు,
ఏటి ఒడ్డున కాస్త ఆపారు.
గంట కొట్టేశారు.

జవాబుల పట్టీలో దానికి గడి లేదు.
ఇవాళ కూర్చుని వెతుకుతున్నాను,
ఇద్దరు పడితేగాని కదలని బొమ్మను
ఎలా తయారుచేయాలా అని.
చేయడానికేం లేదు. ఒక్క గొర్రె, బోలెడు ఖాళీ.
మిగతా బొమ్మలన్నీ తీసేశాను.

శుక్రవారం కొత్త బోర్డు బిగిస్తామని
కౌన్సిల్ నుంచి ఫోన్ వచ్చింది.
అది పది వేళ్ళని పదిగానే గుర్తుపడుతుందట,
పోట్లాటే ఉండదట, ఎవరి గొర్రె వాళ్ళకే.
మంచిదే, సోమవారం రమ్మన్నాను.
ఎందుకండీ అంటే ఏం చెప్పను,
గొర్రె ఇంకా
ఏటి ఒడ్డునే ఉందని చెప్పాను.